రెండో డిస్కు

వీధిలో అందరికీ ఆమె టైలరక్క. వారమంతా మిషను మీద వంగి ఉండే నడుము ఆదివారం మధ్యాహ్నం మాత్రం టీవీ ఎదురుగా గోడకు ఆనుతుంది. ఒళ్ళో గుండీలు కుట్టాల్సిన చొక్కాలు, ఎదురుగా రాజులూ రాక్షసులూ మంత్రగాళ్ళూ ఉన్న సినిమా. పోయిన భర్త ముచ్చటపడి కొన్న డీవీడీల పెట్టెలోది అది. మూడు సినిమాలు, హాల్లో చూపించని సీన్లన్నీ కలిపిన పొడుగువి, ఒక్కోటి రెండేసి డిస్కులు. ఎంత యుద్ధం జరిగినా ఆమె తలెత్తదు. హాల్లో లేని సీను వస్తే మాత్రం సూది ఆగుతుంది. అక్కడ ఆయన మోచేత్తో పొడిచి "ఇదిగో, ఇది కొత్తది" అనేవాడు మరి. మొదటి డిస్కు అవగానే ఆమె రెండోది పెట్టేది, ఆయన లేచి టీ పెట్టేవాడు. ఇప్పుడు రెండూ ఆమె పనులే.

మొన్న ఆదివారం ప్లేయరు మొరాయించింది. కూతురు ఫోన్లోంచి అదే పొడుగు సినిమాను టీవీలో పెట్టింది.

"నాలుగు గంటలూ ఏకబిగిన వస్తుందమ్మా. మధ్యలో నువ్వు లేవక్కర్లేదు."

"లేవకపోతే టీ ఎవరు పెడతారే?"

కూతురు నవ్వేసింది. రెండు గంటలు గడిచాక తెర మీద సైన్యం లోయలోకి దిగింది. డిస్కు మార్చే చోటు అదే. సినిమా ఆగకుండా సాగిపోతుంటే టైలరక్క చేతిలో సూది నిలిచిపోయింది, చూపు వంటింటి గుమ్మం మీదికి పోయింది. అంతలో టీవీలో బొమ్మ ఆగింది.

"ఇదీ పాడైందా?"

"లేదు, నేనే ఆపాను." కూతురు అప్పటికే స్టవ్ వెలిగిస్తోంది. "నాన్న నీకు చక్కెర ఎన్ని చెంచాలు వేసేవాడు?"

"ఒకటే వేశానని చెప్పి రెండు వేసేవారు," అంటూ టైలరక్క దారం పంటితో తెంపి, చొక్కా పక్కన పెట్టింది.