క్లచ్ లేని జీపు

డెబ్బైల చివర్లో ఖిలా వరంగల్ దారిలో మాకో షెడ్డు ఉండేది. నేను మెకానిక్కుని, అందరూ భాయ్ అని పిలిచే నా జోడీదారు లేత్ మిషను మీద ఇనుము కోసే టర్నరు. నాకంటే పదేళ్లు పెద్ద. ఇనుప ముక్కను చేత్తో తడిమి మందం చెప్పేవాడు. తప్పు చెప్పినా నమ్మేలా చెప్పేవాడు.

ఒకరోజు ములుగు నుంచి డాక్టరమ్మ వచ్చింది. అడవి పల్లెలకు పాత పెట్రోలు జీపును తనే నడుపుకుంటూ తిరిగే మనిషి. వాగు గట్టున జారిపడి ఎడమ మోకాలు విరిగింది. ఎముక అతికింది గానీ కాలు సరిగా వంగడం లేదు. ఆ రోజు జీపును ఆమె కాంపౌండరు నడిపాడు. ఆయన బ్రేకు వేసిన తీరుకే ఆయన డ్రైవింగు ఏపాటిదో మాకు తెలిసిపోయింది.

"తమ్మీ, ఈన పక్కన ఇంకో రెండు దినాలు కూసుంటె నా రెండో మోకాలు గూడ పోతది. క్లచ్ తొక్కకుంట బండి నడిచే ఉపాయం జెప్పు," అంది.

హైదరాబాదులో ఓ పాత సామాన్ల దుకాణంలో ఇంజను చచ్చిన ఫారిన్ కారు పడి ఉందని, దాని గేర్లు వాటంతటవే మారతాయని ఎవరో అనగా విన్నాను. అదే ఆమెతో అనేశాను. మరుసటి వారమే ఆ గేరుబాక్సును లారీలో తెచ్చి మా షెడ్డు ముందు దింపించింది. అలాంటిదాన్ని నేను అంతవరకు ముట్టుకోలేదు.

కారు ఇంజను వేరు, జీపు ఇంజను వేరు. బోల్టు రంధ్రాలు కలవవు. రెండింటినీ కలపడానికి మధ్యలో మందపాటి ఇనుప ప్లేటు కావాలి. భాయ్ ఇంజను ముఖానికి గ్రీజు పూసి, దాని మీద అట్ట అద్ది, ఆ అచ్చును బట్టి ప్లేటుకు రంధ్రాలు వేశాడు. బోల్టులు హాయిగా దూరాయి. స్టార్టు చేశాం. జీపు చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోయింది. బానెట్ మీది టీ గ్లాసు నడుచుకుంటూ వెళ్లి కింద పడింది.

"సెంటర్ తప్పింది," అన్నాడు భాయ్, ముఖం మాడ్చుకుని. వానాకాలం తేమకు అట్ట సాగి, ఇంజనూ గేరుబాక్సూ ఒకే గీత మీదికి రాలేదట. రంధ్రాలు వెడల్పుగా పడబట్టే బోల్టులు అంత సులువుగా దూరాయి.

రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడోరోజు వెంట్రుకవాసి తేడానైనా చూపే ముల్లున్న గేజు ఒకటి ఎక్కడినుంచో అడిగి తెచ్చాడు. దాన్ని ఇంజను షాఫ్టు కొసకు బిగించి, చేత్తో మెల్లగా తిప్పుతూ, ముల్లు కదలని చోట సెంటరు పట్టాడు. కొత్త ప్లేటు కోశాడు. గేరుబాక్సు పొడవెక్కువ కావడంతో వెనక చక్రాలకు పోయే షాఫ్టును పొట్టి చేశాం.

ఈసారి గ్లాసు కదల్లేదు. కానీ జీపు ఎంత అరిచినా మొదటి గేరు వదల్లేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో గేరుబాక్సుకు చెప్పే కడ్డీ ఒకటి ఉంటుంది. చిన్న ఇంజను కాబట్టి ఎక్కువ తొక్కాలి. తొక్కితే ఏదో గుట్ట ఎక్కుతున్నామనుకుని అది గేరు మార్చదు. కడ్డీ తగిలించే పట్టీకి వరసగా ఐదు రంధ్రాలు వేసి, ఒక్కొక్కటే మార్చుతూ కోట దాకా పోయి వచ్చాం. నాలుగో రంధ్రంతో గేరు మెత్తగా మారింది. భాయ్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. మాటలు మళ్లీ మొదలయ్యాయి.

డాక్టరమ్మ మొదటిసారి నడిపినప్పుడు ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెతికి బ్రేకు మీద పడింది. కాంపౌండరు ముందు అద్దానికి నుదురు కొట్టుకున్నాడు.

"ఇప్పుడు తెల్సిందా, నువ్వు నడిపితె నాకెట్లుండెనో!" అని ఆమె పగలబడి నవ్వింది.

పదిహేను రోజులకు జీపు మళ్లీ వచ్చి ఆగింది. వెనక సీట్లో బాలింత, పక్కన ఆమె అత్త ఒళ్లో పసిగుడ్డు. కాన్పు కష్టమైతే డాక్టరమ్మే అడవి పల్లె నుంచి వరంగల్ పెద్ద దవాఖానాకు తెచ్చింది. ఇప్పుడు ఇంటికి తీసుకుపోతోంది.

"ఈ బండి బాగుజేసింది మీరేనా కొడుకా?" అని ఆ ముసలమ్మ అడిగింది. "వచ్చేటప్పుడు నా కోడలు నొప్పులకు ఒర్రుతాంటె, డాక్టరమ్మ ఒక చెయ్యి ఎనక్కి జాపి దానికి పట్టుకోనిచ్చింది. తొవ్వంత ఇడ్వలే. గేర్ల కట్టె పట్టే పనే లేకపాయె."

మోకాలి సంగతే చూసుకున్నాం తప్ప, ఎడమ చేయి కూడా ఖాళీ అవుతుందని మాకు తట్టనే లేదు. భాయ్ చేతులు తుడుచుకుని, పసివాడి అరికాలిని ఒక్క వేలితో తాకి, "ఆయిల్ చూస్త ఆగున్రి," అంటూ జీపు కిందికి దూరాడు. చూడాల్సినదానికంటే చాలాసేపు అక్కడే ఉన్నాడు.