మిగలాల్సిన ఏడు మాత్రలు

రాసుకుంటానన్నావుగా, రాసుకో తల్లీ. మీ తాతయ్యకి మందు అంటే ఒకటే సూత్రం. పురుగు చావకపోతే మోతాదు పెంచడం. బీటీ విత్తనం రాకముందు పత్తికి పచ్చపురుగు పట్టిన ఏళ్లు నువ్వు చూడలేదు. లీటరు నీళ్లకి ఒక మూత అని డబ్బా మీద రాసి ఉంటే ఆయన రెండు మూతలు పోసేవారు. రెండు రోజులాగి చూసి, పురుగు ఇంకా పాకుతుంటే మూడు. ఆయనొక్కరే కాదులే, ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలన్నీ అలాగే కంపు కొట్టేవి. అలాంటి మనిషికి రక్తంలో కేన్సరొచ్చింది.

మొదట వాడిన మాత్రలు ఏడాదిన్నర బాగానే పని చేశాయి. తర్వాత పని చేయడం మానేశాయి. హైదరాబాదు ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు రిపోర్టులన్నీ చూసి, మా దగ్గర ఉన్న మందులు ఇక ఇంతే అన్నారు. ఇంకా బజారులోకి రాని కొత్త మందు ఒకటి ఉంది, దాన్ని మనుషులకిచ్చి చూడ్డం ఇప్పుడే మొదలుపెడుతున్నాం, ఇష్టమైతే చేరండి అన్నారు. ఆయన దగ్గర ఒక చిన్న డాక్టరమ్మ ఉండేది. మాలాంటి వాళ్లకి విడమరిచి చెప్పడం ఆవిడ పని.

"ముందు ముగ్గురికి బాగా తక్కువ మోతాదు ఇస్తామండి. వాళ్లకి ఇబ్బందేమీ రాకపోతే తర్వాతి ముగ్గురికి పెంచుతాం. జబ్బు తగ్గుతుందని మాత్రం మాటివ్వలేను. ఒళ్లు ఎంతవరకు తట్టుకుంటుందో తెలుసుకోవడమే ఇప్పుడు మేం చేసేది," అంది.

"అంటే పత్తిచేను చుట్టూ వేసే బంతి మొక్కలం అన్నమాట," అన్నారు తాతయ్య.

ఆవిడకి అర్థం కాలేదు. పురుగు వస్తే ముందు బంతిపూల మీద వాలుతుంది, దాన్ని చూసి రైతు జాగ్రత్తపడతాడు, అందుకని గట్టున వేస్తామమ్మా అని నేను చెప్పాను. నవ్వబోయి ఆగిపోయింది పాపం. "కాదని ఎలా అననండీ? అందుకే సంతకం ఇవాళే పెట్టొద్దు, ఇంటికెళ్లి ఆలోచించుకోండి అంటున్నాను," అంది.

వాళ్లిచ్చిన కాగితాలు తెలుగులోనే ఉన్నాయి, పదకొండు పేజీలు. నేను చదువుతుంటే ఆయన వసారాలో కూర్చుని విన్నారు. ఎప్పుడైనా మానుకునే హక్కు మీకుంది అని ఒకచోట ఉంది. అవసరమైతే మిమ్మల్ని మేం తీసేయవచ్చు అని ఇంకోచోట ఉంది. అక్కడికి రాగానే "ఏదీ, మళ్లీ చదువు," అన్నారు. మళ్లీ చదివాను. మర్నాడే బస్సెక్కి వెళ్లి సంతకం పెట్టారు.

మొదటి వారం వార్డులోనే. పొద్దున ఒక మాత్ర ఇవ్వడం, అక్కణ్ణించి గంటకోసారి రక్తం తీయడం. "ఎక్కించేవాళ్లనే చూశాంగానీ ఇలా పిండుకునేవాళ్లని చూళ్లేదే," అని నాతో గొణిగేవారు. చేరే ముందు చేసే పరీక్షలకని మంగళగిరి నుంచి వచ్చిన ఒక జంట మాకు అక్కడే పరిచయమయ్యారు. మగ్గం నేసే ఆయనకి ఇదే జబ్బు. మీ తాతయ్యతో కలిపి మొదటి ముగ్గురూ అయ్యాక రెండో జట్టులో ఆయన్ని చేర్చుకుంటారట. ఆవిడ నన్ను వదినా అనేది. ఇద్దరం ఒకే క్యారేజీలో తినేవాళ్లం.

"మావారికి మీకిచ్చేదానికి రెండింతలిస్తారంట అన్నయ్యగారూ. భయంగా ఉంది," అంది ఒకరోజు.

"రెండింతలా?" అని తాతయ్య ఆవిడ చేత ఇంకోసారి చెప్పించుకున్నారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

వారం తర్వాత ఇంటికి పంపుతూ ఇరవై మాత్రల డబ్బా ఒకటి, గళ్ల పుస్తకం ఒకటి ఇచ్చారు. రోజూ పరగడుపున ఒక్కటి. ఎన్ని గంటలకి వేసుకున్నారు, వాంతి అయిందా, జ్వరం ఉందా, అన్నీ నేను రాయాలి. డబ్బా మొదలెట్టిన పద్నాలుగో రోజున పుస్తకం, మిగిలిన మాత్రలు పట్టుకుని రావాలి. రాయడమంటే నాకు సరదాయే కదా, కాఫీ తాగిన టైము కూడా రాసేదాన్ని.

పదమూడో రోజు పొద్దున ఆయనకి మాత్ర ఇచ్చాక, మిగిలినవి ఎన్ని అనే గడి నింపుదామని డబ్బా పళ్లెంలో ఒంపాను. ఏడుండాలి. ఒక్కటే దొర్లింది.

డబ్బా బోర్లించి తట్టాను. మంచం కింద చూశాను. తర్వాత ఆయన వైపు చూశాను.

"ఏవండీ, ఈ డబ్బా ఎవరన్నా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారే? అవేమన్నా జీడిపప్పులా?"

"ఆరు తగ్గాయి."

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు, మళ్లీ తీసి దులిపారు. "సాయంత్రం పూట ఇంకోటి వేసుకుంటున్నా. ఆరు రోజుల్నించి."

"మతి పోయిందా మీకు?"

"ఆ మంగళగిరాయనకి రెండింతలిస్తారంట. మనకేమో చీమకి పెట్టినట్టు పెడుతున్నారు. సగం మందు కొడితే ఏ పురుగన్నా చచ్చుద్దా?"

ఒంటి మీద చుక్కలొస్తే చూసుకోమని డాక్టరమ్మ అనడం గుర్తొచ్చి, పంచె పైకెత్తి చూపించమన్నాను. పిక్కల నిండా సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని అప్పుడు చెప్పారు. అదీ మూడు రోజుల్నించి. నా పుస్తకంలో ఆ మూడు రోజులూ "బాగున్నారు" అని ఉంది.

"రేపు వెళ్లగానే చెప్పేద్దాం," అన్నాను.

"చెబితే తీసేస్తారు. నువ్వే రెండుసార్లు చదివావు. తీసేస్తే నాకింకే మందుంది?"

ఉన్న ఒక్క మాత్రనీ డబ్బాలో వేసి మూత పెట్టాను. ఆయన డబ్బా వైపు చూసి, "ఎలుక లాక్కుపోయిందని చెప్పు," అన్నారు.

"ఎలుక మూత తిప్పిందా?"

"మూత పెట్టడం నువ్వు మర్చిపోయావు."

"ఆహా, నా మీదకే తోశారూ!"

"నిన్నెవరూ తీసెయ్యరుగా," అన్నారు. వేళాకోళం కాదు తల్లీ. ఆ గడి ఖాళీగానే వదిలేసి పుస్తకం సంచిలో పెట్టాను.

మర్నాడు ఆసుపత్రిలో రక్తం తీసి పరీక్షకి పంపారు. డాక్టరమ్మ డబ్బా మూత తీసింది. "అమ్మా, ఆరుండాలి కదా? ఒక్కటీ లేదేంటి?" చివరి మాత్ర ఆ పొద్దునే వేసుకున్నారు.

"ఎలుకండీ," అన్నారు తాతయ్య.

ఆవిడ నా వైపు చూసింది. నేను తలాడించాను. నోటితో అనలేదు గానీ ఆడించాను, అది అబద్ధం కాదంటే ఎవరు ఒప్పుకుంటారు? కాళ్ల మీద చుక్కలు చూసిందావిడ, మొహం మారింది. రక్తం రిపోర్టు తొందరగా కావాలని ఎవరికో ఫోన్ చేసింది.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. పెద్ద డాక్టరుగారు నిలబడే చదివారు. రక్తం గడ్డకట్టించే కణాలు బాగా పడిపోయాయట. "ఇంత చిన్న మోతాదుకే ఇలా అయితే తర్వాతి ముగ్గురికి పెంచడం కుదరదు. వచ్చినవాళ్లని ఇంటికి పంపించెయ్. అసలు ఈ మందు ముందుకి తీసుకెళ్లాలో లేదో కూర్చుని చూద్దాం," అని డాక్టరమ్మతో అన్నారు.

తలుపు సందులోంచి బయట బల్ల కనిపిస్తోంది. మంగళగిరి ఆవిడ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. వాళ్లాయన పక్కనే గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నారు. ఆ రోజు చేరడానికి వచ్చారు వాళ్లు. నన్ను చూసి ఆవిడ చెయ్యి ఊపింది.

డాక్టరమ్మ తలుపు దాకా వెళ్లింది.

"ఆగమ్మా," అన్నాను. "ఎలుక కాదు. ఈయనే వేసుకున్నారు. ఆరు రోజులు రెండేసి."

డాక్టరమ్మ తలుపు దగ్గర్నించి వెనక్కి వచ్చింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదే!" అన్నారు తాతయ్య. అరవలేదు. అరిచినా బాగుండేది.

పెద్ద డాక్టరుగారు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఎప్పుడెప్పుడు వేసుకున్నారు, అన్నానికి ముందా తర్వాతా, రక్తం ఎప్పుడు కనిపించింది, అన్నీ ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. తాతయ్య గోడకి చెప్పినట్టు చెప్పారు. చివర్న డాక్టరుగారు పెన్ను మూసి, "మీరు పెద్దవారు, తిట్టను. కానీ ఈ మందు మీకిక ఇవ్వలేనండి," అన్నారు.

"ఇక నుంచి ఒక్కటే వేసుకుంటాను సార్," అన్నారు తాతయ్య. మనింట్లో ఎవరి ముందూ ఆ గొంతుతో మాట్లాడగా నేను వినలేదు. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు.

నాలుగు రోజులు ఉంచుకుని, పసుపుపచ్చటి సంచుల్లోంచి ఆ కణాలు ఎక్కించి, చుక్కలు మానాక పాత మందులు రాసిచ్చి పంపారు. బస్సులో ఆయన డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు, నన్ను ఆడవాళ్ల సీట్లో వదిలేసి. పిడుగురాళ్లలో బస్సు ఆగితే దిగి టీ తాగొచ్చారు. నీకు కావాలా అని అడగలేదు. పెళ్లైన ముప్ఫై ఏడేళ్లలో అది మొదటిసారి.

తర్వాత ఏడాది నాలుగు నెలలు ఉన్నారాయన. నేను నోరు మూసుకుని ఉంటే, ఆ మందు ఇంకొన్నాళ్లు దొరికి ఇంకా బతికేవారేమో. లేకపోతే ఆ చుక్కలతోనే ఆ నెలే పోయేవారేమో. డాక్టరమ్మని అడిగితే, నాకూ తెలియదమ్మా అంది. ఇప్పటికీ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది. అది నువ్వు రాసినా సరే, మానేసినా సరే.

ఇంటికొచ్చాక నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కూర బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. అలా మూడు వారాలు గడిచాక ఒక పొద్దున ఫోన్ మోగింది. మంగళగిరి ఆవిడ.

"వదినా, మళ్లీ పిలిచారు! రెండింతలు కాదు, మీకిచ్చినంతే ఇస్తారంట. రేపు చేర్చుకుంటారంట. ఏమేం పట్టుకెళ్లమంటావు?"

చేతులు వదులుగా ఉండే చొక్కాలు పట్టుకెళ్లు, గంటకోసారి పైకి తోయాలి, దుప్పటి కూడా ఉంచుకో అని చెబుతున్నాను. తాతయ్య మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నారు.

"ఎవరే?"

"మంగళగిరి ఆవిడ. వాళ్లాయన్ని రేపు చేర్చుకుంటున్నారంట."

లేచి వచ్చారు. నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"అమ్మా, మీ ఆయనకివ్వు... ఆ, బావగారూ, నేనే. వాళ్లు ఒకటి వేసుకోమంటే ఒకటే వేసుకోండి. రెండు వేసుకుంటే ఏమవుద్దో నేను చూశా, మళ్లీ మీరు చూడక్కర్లా... లేదు లేదు, నాకిక ఇవ్వరు. మీరెళ్లండి."

కాసేపు అవతల ఆయన చెప్పేది విన్నారు. తర్వాత ఫోన్ నాకిచ్చేశారు.

"ఆవిడ ఇంకేదో అడుగుతోంది, చెప్పు. చిగుళ్ల నుంచి రక్తం వస్తే దాచొద్దని కూడా చెప్పు," అని నా పక్కనే నిలబడ్డారు, చెబుతున్నానో లేదో విందామని.