అక్క గడ్డం మీది మూడు చుక్కలు

మా అక్కకూ నాకూ సింగపూరు వీసాలు వచ్చాయని మొన్న సాయంత్రం ఏజెంటు ఫోను చేసి చెప్పాడు. కాగితాలు ఫోనుకు పంపితే జిరాక్సు అంగడికి పోయి ప్రింటు తీయించుకొచ్చి, భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. అరవై దాటాక మొదటిసారి విమానం ఎక్కబోతున్నవాళ్లెవరైనా ఆ పూట ఇరుగుపొరుగుకు ఇంత తీపి పంచుతారు. నేను మాత్రం దరఖాస్తు నకలు మీదున్న అక్క ఫోటోను చూడలేక కాగితాన్ని బోర్లించి పెట్టాను. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. నా ఈడువాళ్లు ఓపిగ్గా వింటారన్న ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను, మీ ఇళ్లలోనూ మోచేతి దాకా పచ్చబొట్లున్న అవ్వలు ఉండే ఉంటారు కదా.

మాది ఆస్పరి పక్క పల్లె. ఉగాది దాటగానే కైరుప్పల జాతరలో పిడకల కొట్లాట చూసి, నెత్తిన పడిన పేడ దుమ్ము దులుపుకుంటూ ఇంటికి చేరే రోజులవి. జొన్నలు ఇళ్లకు చేరిన కాలం కాబట్టి పచ్చబొట్లు పొడిచే ఆమె కూడా సరిగ్గా అప్పుడే ఊళ్లోకి దిగేది. ఆమె కేక వినపడితే చాలు, వీధిలోని ఆడపిల్లలు గాదెల చాటున నక్కేవాళ్లు, అవ్వలు చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చి కూర్చోబెట్టేవాళ్లు. దీపపు మసిని ఏదో ఆకు పసరుతో నూరి, దారంతో కలిపి కట్టిన సూదులను అందులో ముంచి, ఏవో పాటలు పాడుతూ మాటల్లో పెట్టి పొడిచేది. చేటెడు జొన్నలు పోస్తే చేయి నిండా తీగలూ పూలూ వేసేది కానీ, మా అవ్వ పొదుపరి, మా ఇద్దరికీ గడ్డం మీద మూడేసి చుక్కలు చాలన్నది. అక్కాచెల్లెళ్లకు ఒకటే గుర్తు ఉంటే పైలోకంలో ఒకరినొకరు ఆనవాలు పడతారని ఆమె నమ్మకం. నేను ఏడుస్తుంటే, “బంగారమైతే దొంగ ఎత్తుకపోతాడు, లేదంటే మొగుడు అమ్ముకుంటాడు, ఇదొక్కటే మే నీ ఎంట వచ్చేది” అని కసిరింది.

అక్క ముందు కూర్చుంది. చిన్నది బెదరకూడదని కిక్కురుమనకుండా పొడిపించుకుని, ఆ మంటతోనే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని రెండు చేతులతో నా మొహం కదలకుండా పట్టుకుంది. నేను ఊరంతా వినపడేలా అరిచాననుకోండి. పసుపు రాసిన పుండు మానాక, నలుపు పచ్చగా తేలాక, వీధి వీధంతా మా గడ్డాలు పట్టుకుని ముద్దు చేసింది. ఇత్తడి తట్టలో మొహం చూసుకుని మురిసిపోయిన ఆ పిల్లను నేనేనా అని ఇప్పుడు అనుమానం వస్తుంది.

ఆ మురిపెం కర్నూలులో టీచరు ట్రైనింగుకు పోయేదాకానే. హాస్టల్లో ఒక పట్నం పిల్ల, మీ ఊళ్లో గొర్రెలకు కూడా ఇట్లాగే గుర్తులేస్తారా అని అడిగితే గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వి, ఆ తరువాత రెండేళ్లూ గడ్డం మీద పౌడరు మెత్తుకుని తిరిగాను. చివరి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు, ఎవరో చెప్పిన మాట పట్టుకుని, సున్నంలో బట్టల సోడా కలిపి ఆ చుక్కల మీద పెట్టుకున్నాను. తోలు ఊడొచ్చింది, చుక్కలు పోయాయి, వాటి చోట నున్నటి తెల్ల మచ్చ ఒకటి మిగిలింది. బజ్జీలు వేస్తుంటే నూనె చిట్లిందని అందరికీ చెప్పాను. అక్క చేను నుంచి పరుగున వచ్చి, బాణలిని నోటికొచ్చినట్టు తిట్టి, పుండు మానేదాకా వెన్న రాసింది. నన్ను చేసుకున్న ఆయన కూడా పోయేదాకా నూనె కథే నమ్మాడు.

నేను ఆదోనిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉద్యోగం ముగించాను. అక్కను ఎమ్మిగనూరు ఇచ్చారు. బావ పోయిన తరువాత ఇంటి ముందు పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు తట్టి అమ్ముతోంది. ఆమె గొంతు వీధి చివరి దాకా వినపడుతుంది, బేరమాడినవాళ్లకు రొట్టెతో పాటు రెండు చురకలు కూడా అంటుతాయి, అయినా మధ్యాహ్నానికి తట్ట ఖాళీ. మొహం ఎత్తి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడడం తప్ప ఆమెకు వేరే తీరు తెలియదు. ఆమెకు జీవితంలో తీరని ముచ్చట ఒక్కటే, గాలిమోటరు ఎక్కడం. శనగ చేలో వంగి పని చేసిన రోజుల్లో ఆకాశంలో మోత వినపడితే నడుం ఎత్తి, అది కనుమరుగయ్యేదాకా చూసి మేస్త్రీతో తిట్లు తినేదట.

నాతో పనిచేసి రిటైరైన టీచరమ్మలు కొందరు సింగపూరు యాత్ర అనుకున్నప్పుడు నాకు వెంటనే అక్క గుర్తొచ్చింది. అక్కడిదాకా నా మనసు మంచిదే. అక్కను కర్నూలు తీసుకుపోయి పాస్‌పోర్టు చేయించాను, ఆ ఆఫీసు కెమెరా వాళ్లే ఫోటో తీసుకున్నారు. తరువాత ఆదోనిలో ఏజెంటు దగ్గర వీసా దరఖాస్తు నింపుతుంటే అతను అక్క వృత్తి దగ్గర గృహిణి అని కొట్టబోయాడు. ఈమె ఒప్పుకోలేదు. “యాల అట్ల రాస్తావప్పా? నేను రొట్టెలమ్ముతా. అదే రాయి, వాళ్లకూ తెలియనీ” అన్నది. అతను నవ్వి, చిన్న వ్యాపారం అని దిద్దాడు. పక్కన కూర్చున్న నేను కూడా నవ్వాను కానీ, నా సంగతి నాకు తెలుసు, నా చెవులు వేడెక్కాయి.

ఆ వేడితోనే వీసా ఫోటోకు స్టూడియోకు పోయాము. తెల్ల గుడ్డ ముందు, చెవులు రెండూ కనపడేలా, నవ్వకుండా కూర్చోవాలంటే అక్కకు నవ్వాగలేదు, నాలుగైదుసార్లు తీయాల్సి వచ్చింది. తీయడం అయ్యాక ఆమె టీ తాగడానికి బయటికి పోయింది. స్టూడియో ఆయన అలవాటు ప్రకారం మచ్చలేమైనా తీసేయాలా మేడమ్ అని అడిగాడు, ఆయన ఉద్దేశం బుగ్గల మీది వయసు మచ్చలే. నేను కంప్యూటరు తెర మీద వేలు పెట్టి అక్క గడ్డం చూపించాను. పరాయి దేశంలో అక్కను వింతగా చూస్తారేమోనని ఆ క్షణాన నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమెను చూసి ఆ టీచరమ్మలు నేనెక్కడి నుంచి వచ్చానో లెక్కగడతారేమోనన్నదే నా భయం. నాకు తోలు ఊడదీసిన పనిని ఆయన చేతి కింది మౌసు అటూ ఇటూ కదిలి చిటికెలో ముగించింది. అద్దాలు తెచ్చుకోని అక్క ఆ ఫోటోను దూరంగా పట్టుకుని చూసి, “ఏమ్మే, పెండ్లికూతురి మాదిరి ఉండానే!” అని మురిసిపోయి టీ అంగడి అతనికి కూడా చూపించింది.

వారం తిరక్కుండానే ఏజెంటు పిలిచాడు. అక్క ఫోటోకూ పాస్‌పోర్టు మీది మొహానికీ పొంతన కుదరలేదట, కొత్త ఫోటో పెడితేనే దరఖాస్తు ముందుకు పోతుందట. రెండూ పక్కపక్కన పెట్టి చూపించి, ఇదెవరు చేశారని అడిగాడు. స్టూడియో ఆయనే తన ఇష్టానికి చేసినట్టున్నాడని చెప్పాను, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఇక అక్కకు ఫోను చేసి, నీ ఫోటో వాళ్లు ఒద్దన్నారక్కా, మళ్లీ తీయించాలి అని మాత్రం అన్నాను, కారణం చెప్పలేదు. ఎప్పుడూ నన్ను మాట్లాడనివ్వని మనిషి గొంతు తగ్గించి అన్నది.

“నా మొగమే వాళ్లకు నచ్చలేదేమో లే పాపా. ఈ మచ్చల మొగాన్ని ఆ దేశంలోకి యాల రానిస్తారు?”

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాటిని ఆమె బొట్లు అనే అన్నది, మచ్చలు అనడం నేను వినడం అదే మొదలు. అదేం కాదులే అక్కా అని ఫోను పెట్టేశాను. అప్పుడే ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే అంతటితో పోయేది.

రెండోసారి ఫోటోకు ఆమె ఎమ్మిగనూరు బస్సు దిగి వస్తుంటే చూసి నా ప్రాణం ఉసూరుమంది. గడ్డం నిండా పౌడరు, దాని కింద తోమి తోమి కందిపోయిన చర్మం. స్టూడియోలో కూర్చుంటూనే ఆయన రెండు చేతులూ పట్టుకుంది. “యప్పా, మచ్చలు తీసేదానికి నీ మిషన్లో అయితాదంట గదా, మా వీధిలో సెప్పినారు. తీసేయప్పా, నీకు పుణ్యముంటాది.” ఆయన నా వైపు చూశాడు. నేను గోడకున్న పెళ్లి ఫోటోల వైపు చూశాను. ఉన్నది ఉన్నట్టే ఉండాలంటమ్మా, తీస్తే ఒప్పుకోరంట అని నెమ్మదిగా చెప్పి, పౌడరు తుడుచుకోవడానికి తడిగుడ్డ తెచ్చిచ్చాడు. ఈసారి అక్కకు నవ్వు రాలేదు, ఒక్కసారికే ఫోటో పడింది. నేను మొన్న బోర్లించి పెట్టింది ఆ ఫోటోనే. దొంగతనం అంటగట్టి నిలబెట్టినట్టుంటుంది అందులో ఆమె మొహం.

ఆరోజు మా ఇంట్లో అన్నం తింటూ, దీన్ని పోగొట్టే మందు ఆదోనిలో ఏ డాక్టరు దగ్గరన్నా దొరుకుతుందా అని అడిగింది. ఇక ఓర్చుకోలేకపోయాను. మొదటి ఫోటోలో చుక్కలు తీయించింది నేనేనని, వాళ్లు తిప్పి పంపింది చుక్కలున్నందుకు కాదు, లేనందుకని, ఏడుస్తూ చెప్పాను. ఆమె ఎంగిలి చేత్తోనే నా వీపు నిమరబోయి, ఆగి, రెండో చేత్తో నిమిరింది. “నన్ను ఊరడించను సెప్తాండావు గానీ, నువ్వట్ల చేసేదానివి కాదు. నిన్ను నేను ఎరగనా?” అన్నది. ఆ మొదటి ఫోటో చూపిస్తే నమ్మేదే, దాన్ని అప్పటికే చించి పారేశాను. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మిన మనిషి, చెప్పిన ఒక్క నిజాన్ని నమ్మలేదు. ఇంకా సిగ్గుమాలిన సంగతి చెప్పనా? నమ్మనందుకు నాకు లోలోపల హాయిగా అనిపించింది. మరోమాట ఎత్తకుండా ఆమెకు మజ్జిగ పోశాను.

నిన్న ఎమ్మిగనూరు పోయి వీసాలు వచ్చాయని చెప్పాను. పొయ్యి ముందు రొట్టె తడుతోంది. సంతోషపడింది, నా బుగ్గలు పుణికింది, గాలిమోటరులో కిటికీ పక్కన కూర్చోనిస్తారా అని అడిగింది. ఇంతలో రొట్టెలకు ఎవరో వచ్చారు. అక్క తడుతున్న రొట్టెను వదిలేసి, పిండి చేత్తోనే కొంగు లాక్కుని నోటికి అడ్డం పెట్టుకుని, ఎన్ని కావాలని అడిగింది. ఆ గొంతు వచ్చినతనికి సరిగ్గా వినపడక రెండోసారి అడిగించుకున్నాడు. అతను పోయాక కూడా ఆ కొంగు దించలేదు.

“గాలిమోటర్లో ఇట్ల కొంగు కప్పుకోని కూసుంటే ఏమన్నా అంటారా పాపా?”

ఏమీ అనరని చెప్పాను. తిరుగు బస్సులో నా ముందు సీటు పిల్ల మెడ మీద కొత్తగా వేయించుకున్న పక్షి బొమ్మ ఉంది, జుట్టు అటు పక్కకు వేసుకుని అందరికీ కనపడేలా కూర్చుంది. మా కాలంలో గడ్డం మీద బొట్టు లేని పిల్లను బోసి మొహం అనేవాళ్లు, మధ్యలో అదే బొట్టు మోటుతనం అయింది, ఇప్పుడు మళ్లీ డబ్బిచ్చి పొడిపించుకుంటున్నారు. కాలం అటు పోయి ఇటు వచ్చిందని మనం తీరిగ్గా చెప్పుకోవచ్చు. ఆ రాకపోకలేవీ మా అక్కను తాకలేదు, అన్నేళ్లూ ఆమె ఆ మొహాన్ని ఎత్తుకునే తిరిగింది. ఇప్పుడు దించుకుంది. దించింది కాలం కాదు, నేను.