ఎయిర్‌గన్‌కు లక్క సీలు

రెండేళ్ల కిందట, పాతబస్తీ బోనాల ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు నా తెలివి నన్ను ముంచడం మొదలుపెట్టింది. ఎంత లోతుకు ముంచిందో చెబుతాను. నవ్వుకోండి, నా ఎదురుగా మాత్రం వద్దు.

మా తోడికోడలు సుగుణ బెలూన్లు పేల్చే ఆట పెడుతుంది. ఆ ఏడాది మొదటిసారి ఛత్రినాకలో గుడి మలుపు దగ్గర జాగా దొరికింది. నాలుగింటికి ఆట మొదలుకాకపోతే ఆ జాగా చెరుకురసం బండికి ఇచ్చేస్తామన్నారు గుడివాళ్లు. ఉన్నది ఒక్కటే ఎయిర్‌గన్. దాని ట్రిగ్గరు నొక్కితే పేలదు, తుమ్మితే పేలుతుంది.

మెకానిక్ యూసుఫ్‌ను ఇంటికే రప్పించాను. తుపాకీని షాపుకు పంపితే మంచి స్ప్రింగులు తీసేసి పాతవి వేస్తాడని నా అనుమానం. అతను ట్రిగ్గరు విప్పి స్టీలు పళ్లెంలో పెట్టాడు: తల లేని స్క్రూలు మూడు, స్ప్రింగులు రెండు. ఒకటి బియ్యపుగింజంత, ఇంకొకటి జీలకర్రంత.

"స్క్రూలు తిప్పే సన్న పాన మర్చిపోయిన అమ్మా. పోయి తెస్త. వీటిని ముట్టకుండ్రి."

ముట్టకూడదట! ఎందుకో? కిటికీలోంచి చూశాను. వీధి మలుపులో జేబు తడుముకున్నాడు. మార్చే పాత స్ప్రింగులు అందులోనే ఉన్నాయన్నమాట. ఇంకేం కావాలి?

మాది మూడు తరాల హోల్‌సేల్ ఇల్లు. మూట గడప దాటాలంటే ముడి మీద లక్క ముద్ర పడాల్సిందే. స్ప్రింగులను రంధ్రాల్లో వేశాను. సూది మొనతో స్క్రూలు తిప్పాను. పైన లక్క కరిగించి మూడు సీళ్లు వేశాను. ఇక ఎవరు మారుస్తారో చూద్దాం!

బోనాల రద్దీ దాటుకుని యూసుఫ్ మధ్యాహ్నానికి వచ్చి పళ్లెం చూశాడు. "స్ప్రింగులేవమ్మా?"

"లోపల. సీలు వేసి ఉన్నాయి."

"సీలా? గిదేమన్న పార్సలా?" ట్రిగ్గరు నొక్కాడు, కదల్లేదు. "ఏ స్ప్రింగు ఏడ వేసిన్రు?"

"పట్టిన చోట."

"యా అల్లా!"

లక్క కరగాలని వేడి చేశాడు. కరిగింది, బయటికి కాదు, లోపలికి. మిఠాయి పాకంలా అన్నిటినీ ఒక్కటి చేసి గడ్డకట్టింది. చివరికి డ్రిల్లు పెట్టి తొలిచాడు. అప్పటికి నాలుగుంపావు.

సుగుణ ఫోను చేసింది. "అక్కా, జాగా పోయింది. గీడ నా బెలూన్ల పక్కనే చెరుకు పిండుతున్నరు. వచ్చి ఒక గ్లాసు తాగిపో!"

యూసుఫ్ జేబులోంచి కొత్త స్ప్రింగులు, స్క్రూలు తీసి బిగించాడు. "మీకు గీ అనుమానమే ఉండె కదా? ఇగో, ఇప్పుడు నిజంగనే మార్చిన. రాసుకోండ్రి."

అప్పుడైనా ఊరుకున్నానా? "పాతవి ఇటివ్వు," అన్నాను. నా అరచేతిలో ఎర్రటి లక్క ముద్ద పెట్టాడు.

ఆ సాయంత్రం అమ్మవారి ముందు చేతులు జోడించి ప్రమాణం చేశాను: తల్లీ, ఇక జన్మలో తుపాకీకి సీలు వేయను, ఒకరి జేబు వంక చూడను. రెండోది మాత్రం ప్రయత్నిస్తాను.

పోయినవి: స్క్రూలు మూడు, స్ప్రింగులు రెండు, లక్క అర కడ్డీ, గుడి మలుపు జాగా ఒకటి.