జమున కుట్టిన నడుం మెత్త

జమునకు మొగుడి మాట మీద ఎంత గౌరవముందో చెప్పలేం గానీ, మొగుడి నడుం మీద మాత్రం మహా పట్టింపు. జగదీశ్వర్ గోదావరిఖని బొగ్గుబాయిలో దిగే మనిషి. తల మీది లైటుకు బ్యాటరీ, ప్రమాదం జరిగితే ఊపిరి అందించే డబ్బా, రెండూ నడుం బెల్టుకే వేలాడతాయి. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి తుంటి మీద తోలు లేచిపోయి ఉండేది. కొబ్బరినూనె రాసి రాసి విసుగెత్తిన జమున ఒకనాడు కుట్టుమిషను ముందు కూర్చుంది. పాత జీన్స్ గుడ్డ మడతల్లో సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి, బరువు ఒక్కచోటే పడకుండా నడుం చుట్టూ సర్దుకునేలా ఒక మెత్త కుట్టింది. కుదరలేదు. విప్పి మళ్ళీ కుట్టింది. కంపెనీ బెల్టు కింద అది కట్టుకున్నాక జగదీశ్వర్ పుండు మానింది.

ఆ క్వార్టర్లలో ఒక మర్యాద ఉంది. జాకెట్టు బాగా కుదిరిందని ఎవరైనా మెచ్చుకుంటే, పాత పేపరు మీద కొలత కత్తిరించి చేతిలో పెట్టాల్సిందే. పెట్టని మనిషితో నల్లా దగ్గర ఎవరూ మాట్లాడరు. లింగవ్వ అడిగితే జమున పేపరు కత్తిరించి ఇచ్చింది. షహజాదీ బేగం అడిగితే ఆమె ఇంటికే పోయి కుట్టి చూపించింది. వాళ్ళు ఇంకెవరికిచ్చారో ఎవరు చూశారు?

రెండేళ్ళు గడిచాయి. హైదరాబాద్‌లో పేటెంట్లు చూసే వకీలు దగ్గర పనిచేస్తుంది ఆడబిడ్డ కూతురు దీప. చుట్టపుచూపుగా వచ్చి, దండెం మీద ఆరేసిన మెత్తను తిప్పి తిప్పి చూసింది.

"అత్తా, గిది నువ్వే తయారుజేసినవా? దీనికి పేటెంటు పెడదాం. కొత్త వస్తువు చేసినోళ్ల పేరు సర్కారు దగ్గర ఉంటది. ఎన్నేండ్లయినా జమున చేసిందనే అంటరు."

ఎన్నేళ్ళయినా! జమునకు అన్నం సయించలేదు. జగదీశ్వర్ భార్యగా, పిల్లల తల్లిగా తప్ప తనను తనుగా ఎవరు తలుచుకున్నారు గనుక? ఆ పేరు తనకు కావాలి. ఇంతగా ఏదీ కోరుకోలేదామె.

"గిది బయటోళ్లు ఎవరన్న చూసిన్రా?" అని దీప అడిగింది.

"చూసుడేంది బిడ్డా, ఖనిల సగం మంది కట్టుకునేది గిదే," అంది జమున గొప్పగా.

దీప మొహం వాడిపోయింది. "గట్లయితే కాదత్తా. దరఖాస్తు పెట్టకముందే అందరు వాడుతుంటే, కొత్తదని ఒప్పుకోరు."

"నేర్పింది నేనే గద?"

"నువ్వు నేర్పినా గంతే."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? లింగవ్వ మీద, ఊళ్ళో ఉన్న పాత పేపర్లన్నిటి మీద జమునకు కోపమొచ్చింది. అందరికన్నా ఎక్కువ తన మీదే వచ్చింది. మిషను మీద గుడ్డ కప్పేసింది.

ఆ వారంలోనే పెద్దపల్లిలో పెళ్ళి పడింది. డ్యూటీ నుంచి అటే పోదామని జగదీశ్వర్ చెబితే, పట్టుచీర కట్టుకుని బాయి గేటు దగ్గర నిలబడింది. షిఫ్టు విడిచారు. లైట్లు అప్పజెప్పి, ఎవరి మెత్త వాళ్ళు భుజాన వేసుకుని మనుషులు గుంపులుగా వస్తున్నారు. ఒకటి చీర అంచుతో కుట్టింది, ఒకటి గళ్ళ లుంగీతో, ఒకటి బడిపిల్లల యూనిఫారంతో. ఎన్ని ఇళ్ళ గుడ్డలు! అన్నింటి మీదా బొగ్గు, అన్నింటిలోనూ తన కత్తిరింపే. ఇంతమంది నడుములను తను కాసిందా?

ఒక పిల్లగాడి మెత్తకు నీళ్ళసీసా పెట్టుకునే సంచి కూడా ఉంది. తనకు తట్టని ఆలోచన అది.

"తమ్మీ, గిది ఎవరు కుట్టిన్రు?"

"మా అత్తమ్మ. గోదారి అవతల జైపూర్ల ఉంటది."

"ఆమెకెవరు నేర్పిన్రు?"

అతను వింతగా చూశాడు. "నేర్పుడేందక్కా? గిది పాతకాలం నుంచి ఉన్నదే. మా తాత గూడ గిదే కట్టుకొని బాయిల దిగిండట."

అతను వెళ్ళిపోయాడు. రెండేళ్ళ కింద జమున కుట్టిన మెత్త అప్పుడే తాతల నాటిదైపోయిందా? జగదీశ్వర్ వచ్చేసరికి ఆమె కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"ఏమైందే?" అని కంగారుపడ్డాడు.

"ఏం లేదు," అంది జమున పమిటతో కళ్ళు తుడుచుకుంటూ. "ఆ పిల్లగాని తాత గూడ నేను కుట్టిన మెత్తనే కట్టుకున్నడట."