ఊరుకోని చెయ్యి

ఊరు విడిచి వలస వచ్చిన కనేరిలో మరమగ్గాల మీద నేసిన తాన్లలో తప్పులు వెతకడం పోసవ్వ పని. పోగు తెగిన చోట ఆమె కన్ను ఠక్కున ఆగుతుంది, సూదితో సరిచేసేదాకా చెయ్యి ఊరుకోదు. ఇంట్లోనూ అంతే. కోడలు లత వేసిన ముగ్గు దిద్దుతుంది, ఆరేసిన బట్టలు తీసి మళ్లీ ఆరేస్తుంది.

మనవరాలు పూనం మెట్ల మీద పడి మోకాలు గీరుకుంది. గాయం ఎండి పక్కు ఊడిపోయాక కింద తెల్లమచ్చ తేలింది. పిల్లది నల్లటి ఒళ్లు, మచ్చ గుమ్మంలోంచే కనబడింది. బొల్లి అనుకుని పోసవ్వ పిల్లను ఆసుపత్రికి ఎత్తుకుపోయింది.

డాక్టరమ్మ కాదంది. నలుపున్న పిల్లలకు చిన్న దెబ్బ మానినా అక్కడ కొన్నాళ్లు రంగు పోతుందని, దానంతట అదే వస్తుందని, ఏమీ రాయొద్దని హిందీలో విడమరిచి చెప్పింది.

రాయకుండా ఉంటే పోసవ్వ ఎట్లా అవుతుంది? లత పనికి పోగానే బొల్లికి వాడే బావంచాల గింజలు నూరి, మచ్చకూ దాని చుట్టూ పట్టించింది. బొబ్బలు లేచాయి. అవి మానేసరికి చింతగింజంత మచ్చ అరచేయంత అయింది.

"ఏం రాసినవ్ అత్తా?" అని లత అడిగితే పోసవ్వ మిగిలిన బావంచాల పొట్లం తెచ్చి ముందు పెట్టింది.

"బాపమ్మా, ఇప్పుడేం పెడ్తవ్?" అంది పూనం, మోకాలు చాపి.

"ఏం పెట్టద్దు బిడ్డా. ముట్టకుంటే గదే వస్తది."

ఇన్నేళ్ల కాపురంలో అత్త నోట ఆ మాట వినని లత, పొయ్యి దగ్గర్నుంచి తలెత్తి చూసింది. పోసవ్వ రెండు చేతులూ చంకల్లో బిగించుకుని కూర్చుంది.