మూడు కొమ్మల ఇంటిపేరు

పంట ఇంటికి చేరిన తర్వాతే మా ఇంటికి కథ వచ్చేది. మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి, వడ్లు కల్లంలో ఉన్నప్పుడు, చుట్టిన బట్ట పటం భుజాన పెట్టుకుని కథ చెప్పే అన్న ఊళ్లో దిగేవాడు. మా అత్తగారి ఇంటిపేరు ఎట్లా పుట్టిందో, అందులో ఎవరికి ఎవరు పుట్టారో అంతా ఆయన నోట్లో ఉండేది. ఆయన తండ్రిదీ తాతదీ అదే పని. నాకు సంతకం తప్ప చదువు లేదు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. పేర్లు మాత్రం రాయించను. తప్పు చేసినవాళ్ల పిల్లలు ఏం పాపం చేశారు?

జనగామ దగ్గర మా ఊళ్లో మమ్మల్ని పాతరోళ్లు అంటారు. ఒక కరువు ఏడు మా మూలపు తాత తన ధాన్యం పాతర తవ్వి, దాచిన జొన్నలు ఊరందరికీ కొలిచాడట. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఇక్కడే ఉండి పాతరోడయ్యాడు. నడిపివాడు మానుకోటకు, అంటే మహబూబాబాద్ దిక్కు పోయాడు. అక్కడ అతడు విడిచి వచ్చిన ఊరి పేరే ఇంటిపేరుగా పెట్టారు. చిన్నవాడు భూపాలపల్లి దిక్కు, ములుగు ఘనపూర్ అవతల అడవి కొట్టి చేను చేసుకున్నాడు. ఆ కొమ్మవాళ్లను గొడ్డళ్లోళ్లు అన్నారు. మూడు చోట్ల మూడు పేర్లు, నెత్తురు ఒకటే. ఒకరి పిల్లను ఒకరు చేసుకోకూడదు. ఒక దగ్గర చావైతే మూడు దగ్గర్లా మైల.

నా లగ్గంలో ఆ అన్న పందిట్లో పటం వేలాడదీసి, పుల్లతో బొమ్మలు చూపిస్తూ పాడాడు. పాతర బొమ్మ దగ్గర ఆగి, పెద్ద కొమ్మలో రెండో కొడుకని మా ఆయన పేరు ఎత్తుకున్నాడు. సిగ్గుతో తల వంచుకున్నా చెవులు మాత్రం అటే పెట్టాను. అప్పటినుంచి నన్ను చెల్లె అనేవాడు. వచ్చినప్పుడల్లా ముందు నా ఇంట్లో తిన్నాకే పటం విప్పేవాడు.

మా ఆయన చిన్నప్పుడు ఐదేళ్లు గొడ్డళ్లోళ్ల దగ్గర పెరిగాడు. ఇక్కడ బావులు ఎండితే, పిల్లలు లేని చిన్నాయన తీసుకుపోయి సాకాడు. వానలు పడ్డాక మా మామ పోయి తెచ్చుకున్నాడు. ఈ ముచ్చట మా ఆయనే నవ్వుకుంటూ చెప్పేవాడు.

పెళ్లైన పన్నెండేళ్లకు పసిరికలై, అంటే పచ్చకామెర్లు వచ్చి, మా ఆయన దవాఖానలో పోయాడు. బాయికాడి చెలకలో, మా చేనులో, ఒక మూలన గోరి పెట్టాం. ఆ చెలక అప్పటికింకా మా మామ పేరు మీదే ఉంది. మామ ఎప్పుడో పోయాడు. మా ఆయన, ఆయన పెద్దన్న అయిన మా బావ పంచుకోకుండా కలిసి దున్నుకున్నారు. నాకు ఒక్కతే బిడ్డ. ఏడాది దాటాక, సగం విడదీసి ఇయ్యమని బావను అడిగాను. ఆయన ఏదీ తేల్చకపోతే ఊరి పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టించాను. నా కూలి నేను ఆ మట్టిలోనే చేసుకుంటా, ఆయన పక్కనే ఉంటా అనుకున్నాను.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడి లేదు, మండలాఫీసుకు తాళం. మా ఊరి రోడ్డు పక్క టెంటు వేశారు. మైకు పట్టేది మా బావే. "మన నీళ్లు, మన భూములు మింగిండ్రు. మన వాటా మనకు రావాలె!" అనేవాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. రోడ్డు మీద వంట చేసిన రోజు నలభై మందికి అన్నం వండి వార్చింది కూడా నేనే.

"ఆఫీసు తెరిచేదాక ఆగలేనంటాంది. మరి రాత లేకపోతే ఎట్ల తెగుతది?" అన్నాడు ఊరి పెద్దమనిషి.

"కథ చెప్పే అన్న ఉన్నడు గద. ఆయన ఏ కొమ్మల చెప్తే గదే ఖరారు," అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. బావ తల ఊపాడు. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో నాకు తట్టలేదు.

నాలుగు రోజులకు ఆ అన్న దిగాడు. అప్పటికి వరి ఇంకా పచ్చిగానే ఉంది. కోతలకు ముందు ఆయన ఎన్నడూ వచ్చింది లేదు. బస్సులు లేకపోతే ఎట్లా వచ్చాడనుకుంటుంటే, బావ మోటార్ సైకిల్ వెనకనుంచి దిగుతూ కనిపించాడు. నేను అన్నం పెడతానంటే, "తిన్న చెల్లె" అని మొహం తిప్పుకున్నాడు. చూశాను. చూసి కూడా, ప్రయాణం బడలిక అనుకున్నాను.

పంచాయితీలో పటం విప్పాడు. పాతర బొమ్మ దాటేశాడు. పుల్ల అడవి బొమ్మ మీద పెట్టాడు.

"ఆమె పెనిమిటి మూడో కొమ్మ. చిన్నప్పుడే గొడ్డళ్లోళ్లకు దత్తత ఇచ్చిండ్రు."

నేను లేచి నిలబడ్డాను. "అన్నా, నా లగ్గంల ఎట్ల పాడినవ్?"

"లగ్గంల పాట వేరు చెల్లె. పంచాతిల మాట వేరు."

"ఇనవడ్డదా?" అన్నాడు బావ. "మేం ఎవ్వరి పొట్ట కొట్టలే. నీ వాటా నీకున్నది. ఘనపూర్ అవతల అడివిల ఉన్నది, పోయి అడుగు."

గోడకు ఆనుకున్న ఒక ముసలవ్వ ఊరుకోలేదు. "అడివిల వాటా ఏందిరా, మోదుగాకులా? ఇస్తార్లు కుట్టుకొని బతకాల్నా అది?" అంది. అందరూ నవ్వారు. నవ్వి, లేచి టెంటుకు పోయారు. ఆ పొద్దు కూడా మైకులో మన వాటా మనకు రావాలనే వినబడింది. నేను చప్పట్లు కొట్టలేదు.

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక ఘనపూర్ దిక్కు పోయాను. సాకిన చిన్నాయన లేడు, చిన్నమ్మ ఉంది. "ఇచ్చుడు లేదు, పుచ్చుకునుడు లేదు బిడ్డా. కరువుకు సాకినం, అంతే," అని నా వెంట మా ఊరు వచ్చి పెద్దమనుషులకు చెప్పింది. "ఒకసారి తెగిన పంచాతి మళ్ల తియ్యరాదు," అన్నారు వాళ్లు. అప్పటికే బావ చెలకంతా ఒక్కటిగా దున్నేశాడు. గోరి చుట్టూ రెండు మూరలు వదిలాడు. "దీపం పెట్టుకోను రావొచ్చు, నేనేం వద్దనలే," అన్నాడు. నా మగని దగ్గరికి నేను బావను అడిగి పోవాలన్నమాట.

బిడ్డను తీసుకుని మానుకోట వచ్చాను. మిరపకాయలు ఏరి బతికాం. తెలంగాణ వచ్చిన రోజు కూలివాళ్లందరం గులాల్ చల్లుకున్నాం. అది అబద్ధపు సంతోషం కాదు. కానీ బావ మైకు మాట మాత్రం చెవిలోంచి పోలేదు.

ఆ తర్వాతి ఏడు, మిర్చి కల్లాలు ఎత్తాక, ఆ అన్న నా కిరాయి గదికి వచ్చాడు. నడిపి కొమ్మ ఇళ్లు తిరుగుతూ వచ్చాడట. జుట్టు తెల్లబడింది.

"మీ బావ నాకు మూడు దిక్కుల వాకిండ్లు మూపిస్తనన్నడు చెల్లె. నాకున్నది గీ కథొక్కటే. ఏం జెయ్యాలె?"

ఆయన నా గడపలో కూర్చుని, పటం విప్పి, పుల్ల పాతర బొమ్మ మీద పెట్టాడు. మెల్లగా మా ఆయన పేరు ఎత్తుకున్నాడు. పెద్ద కొమ్మలో, రెండో కొడుకని. గొంతు అదే, నా లగ్గంలోని గొంతే. ఒక్క క్షణం వినాలనిపించింది కూడా.

"ఆగు అన్నా," అన్నాను. "ఈడ ఎవలింటరు? నేనూ నా బిడ్డ. మాకు తెల్వనిదా? నువ్వు పాడాల్సిన జాగ ఇది గాదు, మా ఊరి పంచాతి."

సోలెడు బియ్యం ఆయన జోలెలో పోశాను. మా ఆయన ఉంటే పోసేవాడని పోశాను. ఆయన పటం చుట్టుకుని లేచాడు. జనగామ పోయేవాళ్లు స్టేషన్ దిక్కు తిరగాలి. ఏ దిక్కు తిరుగుతాడో అని వీధి మలుపు దాకా చూశాను. ఆయన స్టేషన్ దిక్కు తిరగలేదు.